మూడు బియ్యం బస్తాలు, ఒక 84హెచ్

మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర కబుర్లు కార్ల మీదకి వెళ్ళాయి. టీమ్‌లో ఒకాయన టైర్లు మార్పించాలట, ఏ బ్రాండ్ మంచిదని అడిగాడు. ఎనిమిది మందిమి ఉన్నాం, తొమ్మిది పేర్లు చెప్పాం. నీ పాత టైరు పక్కన ఏం రాసుంది అని మాత్రం ఒక్కరూ అడగలేదు. 2024 మే నెల దాకా నేనూ అంతే. నేను నేర్చుకున్న పద్ధతి కాస్త ఖరీదైనది కాబట్టి, మీకు ఉచితంగా చెప్తా.

నాది పోలో జీటీ టీఎస్ఐ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 హార్స్ పవర్. విదేశాల వాళ్ళు నవ్వుతారేమో కానీ మనకి అదే పెద్ద పెర్ఫార్మెన్స్ కారు. అమ్మినాయన "టైర్లు 80 శాతం ఉన్నాయండీ" అన్నాడు. చూస్తే నిజమే, గాళ్ళు లోతుగానే ఉన్నాయి. ఇంకేం కావాలి?

ఆ మే నెలలో అవనిగడ్డ పక్కన మా తాతయ్య వాళ్ళ ఊరు నుంచి హైదరాబాద్ బయల్దేరాం. అమ్మా నాన్నా, అక్కా బావా, నేను. డిక్కీలో మూడు బియ్యం బస్తాలు, రెండు ఆవకాయ జాడీలు, దారిలో తినడానికి ముందురోజు బందరులో కొన్న లడ్డూలు. మనలో సొంతూరు నుంచి ఖాళీ కారుతో తిరిగొచ్చినవాడు ఎవడైనా ఉంటే చెయ్యెత్తండి. చల్లపల్లి, కూచిపూడి మీదుగా వచ్చి పామర్రు దగ్గర హైవే ఎక్కాం. మధ్యాహ్నం రెండు గంటలు, స్పీడు 90. ఉయ్యూరు ఇంకా రాలేదు, వెనక ఎడమ వైపు డబడబా చప్పుడు, వెంటనే ఢామ్మని పేలిన శబ్దం. కారు తోక ఊపింది. బ్రేక్ తొక్కకుండా స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఎలాగో పక్కకి తెచ్చాను. తెలివితో కాదు, భయంతో కాలు కదల్లేదు, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. నాన్న దిగి టైరు చూసి, "బండి కొన్నప్పుడు దీని వయసు అడిగావుట్రా?" అన్నారు.

అడగలేదు. అడగాలని కూడా తెలీదు.

స్టెప్నీ వేసుకుని వెనక్కి తిరిగి గుడివాడ వెళ్ళాం. అక్కడ షాపులో పెద్దాయన ఊడొచ్చిన రబ్బరు ముక్క తిప్పి చూసి, టైరు పక్కన నాలుగంకెలు వేలితో చూపించాడు. 3116. అంటే 2016లో 31వ వారంలో తయారైన టైరు. "ఇది అరిగిపోలేదు బాబూ, ముసలిదైపోయింది" అన్నాడు. కొత్త టైర్లు బిగించేలోపు ఆయన చెప్పినవీ, ఆ తర్వాత నేను చదివినవీ కలిపితే ఇదిగో ఈ కథ.

అసలు మన కృష్ణా డెల్టాకీ చక్రానికీ పెద్దగా పడేది కాదు. నల్లరేగడి నేల. వానాకాలం బంక, ఎండాకాలం బీటలు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక బందరు కాలవ వచ్చింది, ధాన్యం పడవల మీద వెళ్ళేది. ఆ తర్వాత బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకి రైలొచ్చింది. ఊళ్ళో మాత్రం ఎడ్లబండే. నల్లతుమ్మ చెక్కతో చేసిన చక్రం, దాని చుట్టూ ఇనప పట్టా. పట్టాని నిప్పుల్లో ఎర్రగా కాల్చి, సాగిన పట్టాని చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తే బిగుసుకుపోయేది. మనం ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో థర్మల్ ఎక్స్‌పాన్షన్ అని బట్టీపట్టింది మా తాతల ఊళ్ళో వడ్రంగికీ కమ్మరికీ నోటి లెక్క. ఇంగ్లీషులో ఆ ఇనప పట్టాని కూడా టైర్ అనే అంటారు. మాట పాతదే, రబ్బరే కొత్తది.

ఆ రబ్బరు కథ కూడా వేడితోనే మొదలవుతుంది. మామూలు రబ్బరు ఎండకి జిగురు, చలికి పెళుసు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని కనిపెట్టాడు. 1880ల చివర్లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు చేశాడు. 1904లో వేల్స్‌లోని లనెల్లి అనే ఊళ్ళో, స్టెప్నీ స్ట్రీట్‌లో, అదనపు చక్రం అమ్మే వ్యాపారం పెట్టారు. ఆ వీధి పేరే మనం ఇవాళ్టికీ గుడివాడలో వాడుతున్న "స్టెప్నీ". చక్రం పంక్చరైతే వేల్స్‌ని తలుచుకుంటున్నామన్నమాట!

మన దేశంలో డన్‌లప్ 1936లో బెంగాల్లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. మద్రాసులో 1946లో బుడగలు చేస్తూ మొదలైన ఎమ్మారెఫ్ 1952లో రీట్రెడింగ్ రబ్బరులోకి, 1961లో టైర్లలోకి వచ్చింది. నెమ్మదిగా ఎడ్లబళ్ళకీ రబ్బరు టైర్లు వచ్చాయి. మా తాతయ్య "టైరు బండి" అని ఒక గొప్పగా చెప్పేవాడు. చప్పుడు తక్కువ, ఎద్దుల మెడలకి సుఖం, బరువెక్కువ లాగుతుంది. గమనించండి, ఆయన చెప్పింది బరువు గురించి. వేగం గురించి కాదు. ఎద్దుకి స్పీడ్ రేటింగ్ ఏముంటుంది?

కార్ల దగ్గర మాత్రం వేగం లెక్కలోకొచ్చింది. మిషెలిన్ 1946లో రేడియల్ టైరుకి పేటెంట్ తీసుకుంది. క్రాస్‌ప్లైలో దారాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ప్రతి చుట్టుకీ ఒకదాన్నొకటి రాసుకుని వేడెక్కుతాయి. రేడియల్లో దారాలు అడ్డంగా ఉంటాయి, పైన ఉక్కు బెల్టు. పక్క గోడ మెత్తగా వంగుతుంది, నేలని తాకే భాగం గట్టిగా నిలబడుతుంది, వేడి తక్కువ. మన అంబాసిడర్లు మాత్రం చాలా ఏళ్ళు 5.90-15 క్రాస్‌ప్లై మీదే నడిచాయి. యూరప్‌లో కార్ల వేగం పెరిగేకొద్దీ అక్షరాలు పుట్టుకొచ్చాయి. ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్లు, టి 190, హెచ్ 210, వి 240, డబ్ల్యూ 270, వై 300. మధ్యలో హెచ్ ఎందుకొచ్చిందంటారా? మొదట్లో ఎస్, హెచ్, వి మూడే ఉండేవి, మిగతావి తర్వాత దూర్చారు. మన లెగసీ కోడ్‌లో వేరియబుల్ పేర్లలాగే.

ఇప్పుడు నా టైరు చదువుదాం. 185/60 ఆర్15 84హెచ్. 185 వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 60 శాతం, అంటే 111. ఆర్ అంటే రేడియల్. 15 రిమ్ వ్యాసం, అంగుళాల్లో. 84 లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది. 82 అయితే 475, 88 అయితే 560. ఇది సరళరేఖ కాదు, పట్టిక చూసుకోవాల్సిందే.

"నాలుగు వేళ రెండు వేల కిలోలు, కారు పదకొండొందల పైచిలుకు, మనుషులూ సామానూ నాలుగొందల యాభై, మరి ఎందుకు పేలింది?" అని నేనూ వాదించాను. అక్కడే ఉంది అసలు కిటుకు. ఆ 500 కిలోలు సరైన గాలి ఉన్నప్పుడే. డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద రెండు వరసలుంటాయి, ఒకటి తక్కువ లోడుకి, ఇంకొకటి ఫుల్ లోడుకి. నేను ఎప్పుడూ మొదటిదే పెట్టించేవాణ్ణి. గాలి తక్కువైతే టైరు ఎక్కువ వంగుతుంది. నా టైరు వ్యాసం 603 మిల్లీమీటర్లు, 90 స్పీడులో సెకనుకి 13 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ రబ్బరు వంగి లేస్తుంది, అదంతా వేడిగా మారుతుంది. పైన రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ. లోపల ఎనిమిదేళ్ళ పాత రబ్బరు, జిగి పోయి ఉంది. ఉక్కు బెల్టు నుంచి ట్రెడ్ ఊడింది. దోషం కంపెనీది కాదు, దోషం నాది.

ఇదే కథ పెద్ద ఎత్తున అమెరికాలో జరిగింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల కింద ఉన్నవి. ట్రెడ్ ఊడి, బండి పల్టీ కొట్టి, 270 మందికి పైగా చనిపోయారు. టైరు తయారీ లోపాలతో పాటు, ఫోర్డ్ సూచించిన 26 పీఎస్ఐ గాలి చాలదన్న వాదన నడిచింది. ఆ టైర్ల టెంపరేచర్ గ్రేడు సి, అంటే అన్నిటికన్నా కింది మెట్టు. ఆ గొడవ తర్వాతే అక్కడ కార్లలో గాలి తగ్గితే హెచ్చరించే సెన్సర్లు తప్పనిసరి చేశారు.

ఆ గ్రేడ్లు అమెరికా ప్రభుత్వం 1970ల చివర్లో తెచ్చినవి. మన దగ్గర అమ్మే అన్ని టైర్ల మీదా ఉండవు. ఉంటే మూడు విషయాలు. ట్రెడ్‌వేర్ అంకె: టెక్సస్‌లో శాన్ ఏంజెలో చుట్టూ 400 మైళ్ళ దారిలో 7200 మైళ్ళు తిప్పి, అరుగుదల చూసి ఇస్తారు. 400 అంటే 200 కన్నా రెట్టింపు మన్నిక అని అర్థం, కానీ అంకె వేసేది కంపెనీయే కాబట్టి రెండు కంపెనీల మధ్య పోల్చకండి. ట్రాక్షన్ ఏఏ నుంచి సి దాకా: తడి రోడ్డు మీద తిన్నగా బ్రేక్ వేసినప్పటి పట్టు. మలుపుల గురించి ఏమీ చెప్పదు. టెంపరేచర్ ఏ, బి, సి. మన ఎండలకి ఏ తప్ప వద్దంటాను.

మరి నాలుగు లైన్ల హైవే మీద మనకి లిమిట్ 100, హెచ్ ఎందుకు, ఎస్ చాలదా అంటారు. నేనూ అడిగా. 210 దాకా పరీక్ష నెగ్గిన టైరుకి 100 దగ్గర వేడి తట్టుకునే జాగా ఎక్కువ మిగులుతుంది. మనం సర్వర్ కెపాసిటీ ప్లాన్ చేసేటప్పుడు సగటు ట్రాఫిక్ చూసి కొంటామా? అందుకే కంపెనీ ఇచ్చిన లోడ్ ఇండెక్స్‌కీ, స్పీడ్ అక్షరానికీ తగ్గొద్దు. పెరిగితే ఫర్వాలేదు.

షాపులో నాకు మూడు దారులున్నాయి. 195/55 ఆర్15 85వి: పట్టు ఎక్కువ, మలుపుల్లో హాయి. కానీ పక్క గోడ 107కి తగ్గుతుంది. దమ్ము చక్రాలతో ట్రాక్టర్లు దున్నిపోయిన చల్లపల్లి రోడ్డు గుంటలో పడితే రిమ్ సంగతి దేవుడికే తెలియాలి. 195/60 ఆర్15 88హెచ్: మెత్తన, కానీ వ్యాసం 2 శాతం పెరుగుతుంది, స్పీడోమీటరు 98 అన్నప్పుడు నేను 100లో ఉంటా. మూడోది నా పాత సైజే, 88హెచ్ ఎక్స్ఎల్, 560 కిలోలు. ఒక రెండేళ్ళ క్రితం నేనైతే మొదటిదే కొనేవాణ్ణి. మూడోది తీసుకున్నా. బియ్యం బస్తాలు మానేది లేదు కదా. పెద్దాయన నాలుగంకెలూ చూపించి మరీ బిగించాడు, మూడు నెలల పాతవి.

ఒక మాట గుర్తుంచుకోండి. గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే చట్టం మార్చమంటుంది. వయసు సంగతి చట్టం అడగదు. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళు అంటాయి, టైరు కంపెనీలు పదేళ్ళు ఆఖరి హద్దు అంటాయి. మన ఎండలకి ఆరే నమ్మండి. ఈసారి ఊరెళ్ళేముందు ఒక్క అయిదు నిమిషాలు కిందకి వంగి ఆ నాలుగంకెలు చదవండి. స్టెప్నీది కూడా. అది ఎప్పుడూ డిక్కీలోనే ఉంటుంది కదా అని ముసలితనం రాకుండా పోదు.

అన్నట్టు, ఆవకాయ జాడీలు రెండూ క్షేమంగా హైదరాబాద్ చేరాయి. లడ్డూలు మాత్రం గుడివాడ షాపులోనే అయిపోయాయి, పెద్దాయన ఫిట్టింగ్ డబ్బులు తీసుకోనన్నాడు మరి.