తలవెండ్రుకలును తరముల తీర్పులును

యువకులు జుట్టు పెంచి భుజములపై విడిచికొని తిరుగుట చూచి పెద్దలు పలువురు విసుగుకొనుచున్నారు. "పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లున్న" దని వారి యాక్షేపణము. ఈ తీర్పు న్యాయమగునా యని నిర్ణయించుటకు ముందు పూర్వచరిత్ర నొకింత పరికించుట మంచిదని మేము తలంచుచున్నాము.

ఇంగ్లండులో 1628వ సంవత్సరమున విలియం ప్రిన్ అను న్యాయవాది, పురుషులు వ్రేలవిడుచు జులపములను ఖండించుచు నొక గ్రంథమునే ప్రకటించెను. అమెరికాలో మసాచుసెట్సు పాలకులు 1649లో పురుషుల దీర్ఘకేశములు సభ్యతకు విరుద్ధములని ప్రకటన గావించిరి. పరుల వేషము ననుకరించుచున్నారన్న నింద నాడును యువకులపై బడినదే.

చీనాదేశపు వృత్తాంత మింతకంటె బోధకరము. అచ్చటి పురుషులు పూర్వము జుట్టును పూర్తిగా పెంచి నడినెత్తిని ముడి వైచుకొనెడివారు. తల్లిదండ్రు లొసగిన శరీరమునకు గాని కేశములకు గాని హాని చేయకుండుట పితృభక్తి యని వారి విశ్వాసము. 1645లో మంచూ ప్రభువులు, పురుషులందరును తల ముందుభాగమును గొరిగించుకొని వెనుక జడ వేసికొనవలెననియు, కాదన్నవారికి శిరశ్ఛేదమే శిక్ష యనియు నాజ్ఞాపించిరి. జియాంగిన్ మున్నగు పట్టణముల ప్రజలు ఎదిరించి వేలకొలది మడిసిరి. తరములు గడచెను. 1911లో విప్లవము వచ్చి, మరుసటి యేట నూతన ప్రభుత్వము జడలు కత్తిరింపుడని శాసించినప్పుడు, ఆ జడను విడువజాలక దుఃఖించినవా రనేకులు. తాతముత్తాతలు ప్రాణము లొడ్డి యెదిరించిన జడయే మనుమలకు పూర్వాచారమై కూర్చున్నది!

ఇక మన తెలుగుదేశపు సంగతి. ఇంగ్లీషు చదువులు వ్యాపించిన కాలమున కొందరు యువకులు పిలకలు తీసివేసి క్రాపులు పెట్టుకొనగా, దొరల వేషము వేసి సంప్రదాయమును చెరచుచున్నారని పెద్దలు మండిపడిరి. క్రమముగా క్రాపే మర్యాదయయ్యెను. 1970 ప్రాంతమున వారి మనుమలు చెవులు కప్పునట్లు "హిప్పీ" జుట్టు పెంచినప్పుడు, క్రాపుల పెద్దలును ఆ మాటనే యనిరి. కత్తిరించినను దొరల యనుకరణమే. పెంచినను దొరల యనుకరణమే! ఆ దశకముననే సింగపూరు ప్రభుత్వము, పొడుగుజుట్టు పురుషుల పనిని కార్యాలయములలో అందరికంటె కడపట చూతుమని ప్రకటనలు గోడలకు అంటించినది.

గ్రుడ్డి యనుకరణమును మేము మెచ్చుకొనుట లేదు. నలుగురు చేయుచున్నారు గనుక నేనును చేయుదునను వాడు, జుట్టు పెంచినను తగ్గించినను, తన బుద్ధి నుపయోగింపని వాడే. కాని యీ కొలత యువకుల తలలకు మాత్రమే చాలునా? 1961లోనే చట్టము నిషేధించిన వరకట్నమును, "లోకమంతయు పుచ్చుకొనుచున్నది గదా" యని పుచ్చుకొను తండ్రి, లోకమును జూచి జుట్టు పెంచిన కుమారుని నిందింపదగునా? కుమారుని జుట్టువలన నెవ్వరి యిల్లును గుల్లకాదు. తండ్రి యాచారమువలన నొక యాడుబిడ్డ పుట్టిల్లు తాకట్టులో పడుచున్నది.

కావున మా చదువరులైన తల్లిదండ్రులకు మా మనవి యిది. కుమారుని జుట్టును గూర్చి తగవులాడుట మాని, కట్నము లేక వివాహమాడుదువా యని వాని నడుగుడు. ఆడుదునని వాడు బదులు చెప్పెనేని, ఆ జుట్టు నడుమువరకు పెరిగినను మనకు విచారము లేదు.