ఇనుమును పిండిన వజ్రం

ఇనుము అనగానే మనకు అయస్కాంతం గుర్తుకొస్తుంది. అయస్కాంతత్వానికీ, ఏమాత్రం నిరోధం లేకుండా కరెంటును పోనిచ్చే సూపర్ కండక్టివిటీకీ ఉప్పూ నిప్పూ సంబంధమని మా తరం చదువుకుంది. ఆ మాటను తిరగరాసిన వాటిలో ఒత్తిడి ఒకటి. అంతటి ఒత్తిడిని పుట్టించే పరికరం పుట్టింది ఎక్కడో కాదు, నేనుండే షాంటిలీ నుంచి కారులో గంట ప్రయాణంలో.

1958లో వాషింగ్టన్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో వియర్, లిపిన్‌కాట్, వాన్ వాల్కెన్‌బర్గ్, బంటింగ్ అనే నలుగురు రెండు వజ్రాల మొనలను ఎదురెదురుగా బిగించారు. మొన ఎంత సన్నమైతే ఒత్తిడి అంత ఎక్కువ. వజ్రం పారదర్శకం కనుక లోపల జరిగేది చూడవచ్చు కూడా. దొంగరవాణాదారుల నుంచి ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న వజ్రాలు ఆ పనికి అక్కరకొచ్చాయి. కృష్ణాతీరపు కొల్లూరు వజ్రాలను రాజకిరీటాల్లో చూసి మురిసిన మనకు ఇది కొత్త వైభవమే!

2001లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇనుమును లక్షన్నర వాతావరణాలకు మించి నొక్కారు. దాని అయస్కాంతత్వం పోయింది. 2 కెల్విన్ల దగ్గర సూపర్ కండక్టర్ అయింది. 2008లో టోక్యోలో హొసోనో బృందం ఇనుము, ఆర్సెనిక్ ఉన్న పదార్థంలో 26 కెల్విన్లు సాధించింది. సుమారు 40 వేల వాతావరణాల ఒత్తిడితో అది 43కి పెరిగింది. ఐరన్ సెలినైడ్‌లోనైతే 8 నుంచి సుమారు 37కి! నొక్కినకొద్దీ అణువులు దగ్గరై, అయస్కాంత క్రమం సడలుతుంది. ఆ సరిహద్దులోనే సూపర్ కండక్టివిటీ తలెత్తుతుంది. అన్నిచోట్లా ఇంత సూటిగా జరగదు. ఐరన్ సెలినైడ్‌లో ఒత్తిడి ముందు అయస్కాంత క్రమాన్ని పుట్టించి, తర్వాతే అణచివేస్తుంది.

అయితే వజ్రాల మధ్య ఇరుకున్న రేణువుతో కరెంటు తీగ తయారు కాదు. అందుకే లాంథనం స్థానంలో చిన్న అణువైన సమేరియం పెట్టి, లోపలి నుంచే బిగించారు. బయటి ఒత్తిడి లేకుండానే 2008లో చైనాలో 55 కెల్విన్లు అందాయి. ఒత్తిడి దారి చూపింది, రసాయనశాస్త్రం నడిచింది.

2019లో లాంథనం హైడ్రైడ్‌లో సుమారు 20 లక్షల వాతావరణాల వద్ద 260 కెల్విన్లు, అంటే మైనస్ 13 డిగ్రీల సెల్సియస్, చూపిన పరిశోధన పత్రంలో మొదటి పేరు మద్దూరి సోమయాజులుగారిది. ఆ ఇంటిపేరు చూసి నేను పొంగిపోయాను. ఆ ఒత్తిడిని వదిలించుకునే ఉపాయం ఇంకా దొరకలేదు. కంప్యూటర్లే లోకం కాదని మన పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి లెక్క ఏముంటుంది?