నరం తీసేముందు గోడ

మా అమ్మమ్మ ఊరు లక్షెట్టిపేట దగ్గర. పన్ను నొస్తే అక్కడ మొదటి వైద్యం వాకుడు గింజల పొగ. ఎర్రగా కాలిన పెంకు మీద గింజలు చల్లి, పొగను గొట్టంతో నోట్లోకి పట్టించేవారు. పురుగులు రాలాయని చూపించేవారు కూడా. యూరప్‌లోనూ ఖురాసాని వాము గింజలతో ఇదే తంతు నడిచింది. పన్ను పుచ్చడానికి కారణం పురుగు కాదని ఫ్రాన్స్‌లో పియెర్ ఫొషార్ 1728లోనే రాశాడు. ఆ మాట గోదావరి ఒడ్డుకు చేరడానికి రెండు వందల ఏళ్లు దాటింది.

పొగకు తగ్గకపోతే లవంగం. దానికీ తగ్గకపోతే పీకుడే. దంతవైద్యుల చట్టం 1948 మార్చిలో వచ్చింది, అప్పటికి మన కరీంనగర్, ఆదిలాబాద్‌లు నిజాం ఏలుబడిలోనే ఉన్నాయి. డిగ్రీ లేకున్నా అయిదేళ్లుగా అదే బతుకుతెరువైన వాళ్లకు ఆ చట్టం 'పార్ట్ బి' జాబితాలో చోటిచ్చింది. చిన్న ఊళ్లలో పన్ను బాధ తీర్చింది ఎక్కువగా అనుభవంతో చెయ్యి తిరిగినవాళ్లే. వాళ్లను నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ సగం విరిగిన పన్నును నిలబెట్టాలన్న ఆలోచనకు అప్పట్లో తావే లేదు.

హైదరాబాద్‌లో దంతవైద్యం చదువు ముగించుకుని మంచిర్యాలలో క్లినిక్ తెరిచినప్పుడు నా దగ్గరా ఆ ఆలోచన పెద్దగా లేదు. తెరువు, నరం తీయి, కడుగు, నింపు. అంతే. ఒక పంతులు గారి కింది దవడ పన్నుకు నాలుక వైపు గోడ ఒక్కటే మిగిలింది. అలాగే మొదలుపెట్టి, లవంగనూనె సిమెంటు అద్ది పంపించాను. వారం తర్వాత వచ్చేసరికి సిమెంటు లేదు, గోడా లేదు. నరం గీకే ఫైలు పొడవు ఆ గోడ అంచు నుంచే కొలిచాను, కాబట్టి ఆ కొలతా పోయింది. పంటి వేళ్లలోకి ఉమ్మి దిగింది. చివరికి పీకాను. తప్పు నాదే.

ఈ గోడు ఒకరోజు మందమర్రి గనిలో టింబర్‌మన్‌గా, అంటే పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని, చేసే ఆయనకు చెప్పుకున్నాను. ఆయన పన్నూ అచ్చం అలాంటిదే. నోరు తెరిచే ముందు ఒక్క మాటన్నాడు: "రూఫుకు సపోర్టు పెట్టకుండ మేం లోపలికి పోతమా సారూ?"

ఆ మాటతో పాత పద్ధతి ఒకటి యాదికొచ్చింది. వెనకటి దంతవైద్యులు విరిగిన పన్ను చుట్టూ రాగి పట్టీ బిగించి, సిమెంటుతో అతికించి, ఆ తర్వాతే నరం జోలికి వెళ్లేవారు. రాగిది దొరక్క, పండ్లకు క్లిప్పులు వేసేటప్పుడు వాడే స్టీలు పట్టీ తెప్పించాను. పిప్పి మొత్తం గీకేసి, పట్టీ ఎక్కించి, లోపల సిమెంటు పోసి, మళ్లీ పైనుంచి రంధ్రం చేసుకుంటూ దిగాను. కట్టిందాన్ని మళ్లీ తవ్వుడేందని కాంపౌండరు నవ్వాడు.

కారణం ఉంది. న్యూయార్క్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ 1864లో రబ్బరు పొర తెచ్చాడు. పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా నోటిని కప్పే పొర అది. దాని క్లిప్పు పట్టుకోవడానికి పంటికి గోడ కావాలి. నాలుగు గోడలుంటే పన్ను గిన్నెలా అవుతుంది, కడిగే మందు అందులో నిలుస్తుంది. ఉమ్మి లోపలికి రాదు. అసలు శత్రువు ఉమ్మితో వచ్చే సూక్ష్మజీవులే. సూక్ష్మజీవుల్లేకుండా పెంచిన ఎలుకల పండ్లకు రంధ్రం చేస్తే నరం దానంతటదే మానిందని కాకెహాషి అనే పరిశోధకుడి బృందం 1965లో చూపింది.

వేరులోకి తడి దిగితే ఏమవుతుందో వెండి కూడా చెప్తుంది. కరీంనగర్ వెండి నగిషీలోని సన్నటి తీగ చూసినప్పుడల్లా నాకు వెండి పుల్లలు గుర్తొస్తాయి. 1933 నుంచి కొన్ని దశాబ్దాలు పంటి వేరును వాటితో నింపారు. వెండి అయితేనేం, తడి తగిలితే నల్లబడి తుప్పు పట్టింది.

పట్టీ అవసరాన్ని తగ్గించింది అతుక్కునే పదార్థాలు. పంటి పైపొరను ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ పట్టుకుంటుందని బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు 1955లో చెప్పాడు. పంటికి దానంతటదే అంటుకునే గ్లాస్ అయొనోమర్ 1970ల్లో లండన్ నుంచి వచ్చింది. ఒక చిక్కుంది: అమ్మమ్మ లవంగనూనె తగిలిన చోట రెసిన్ సరిగా గట్టిపడదు. ఇప్పుడు వేళ్ల ద్వారాలు మూసుకుపోకుండా నల్లా పనివాళ్లు చుట్టే తెల్ల టేపు ముక్క పెట్టి, గోడ కడతాం. "గోడకు వేరే పైసలా సారూ?" అని అడగనివాళ్లు తక్కువ.

అన్ని పండ్లకూ గోడ కట్టను. చిగురు పైన చుట్టూ రెండు మిల్లీమీటర్లైనా గట్టి పన్ను లేకపోతే క్యాపు ఎక్కువ కాలం నిలవదు. అప్పుడు పీకించుకొమ్మనే చెప్తాను.

టింబర్‌మన్ రిటైరై చాలా ఏళ్లయింది. ఆ పన్ను ఇంకా నోట్లోనే ఉంది. దాని పక్కది మాత్రం పోయినేడు నేనే పీకాను.