ఉక్కునగరములో తెలుగు కార్యదర్శి

1919వ సంవత్సరము జనవరి 2వ తేదీన రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు సాక్చీకి విచ్చేసి, మహాయుద్ధకాలమున మెసొపొటేమియా మొదలగు రణరంగములకు అచ్చటి టాటా ఉక్కు కార్ఖానా పంపిన పట్టాల ఉపకారమును కొనియాడి, ఆ యూరికి జంషెడ్జీ టాటా పేరిట జంషెడ్‌పూరని నామకరణము చేసెను. కాలిమాటి రైలు స్టేషను టాటానగరమైనదియు నప్పుడే. ఆ సంవత్సరముననే విజయనగర సంస్థానమున మహారాజుగారి సంగీత కళాశాల వెలసెను. హరికథావిద్వాంసులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వాయులీనాచార్యులు. ఈ రెండింటికిని పరస్పర సంబంధమేమియు లేదు. అయినను జంషెడ్‌పూరు తెలుగువారి చరిత్రను తలచినపుడెల్ల నాకివి రెండును జంటగానే స్ఫురించును. ఏలయన, ఆ నగరమునకు కూలికిని కొలువునకును తరలిపోయిన ఆంధ్రులలో హెచ్చుమంది విజయనగర, శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతములవారు, తమ యూళ్ళ భజనగోష్ఠులను, హరికథాభిరుచిని వెంటగొనిపోయినవారు.

వాల్తేరునుండి బరంపురము, కటకముల మీదుగా ఖరగ్‌పూరు చేరి, అచ్చట పడమటికి మరలి సుమారు 134 కిలోమీటర్లు సాగినచో సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమమున ఈ నగరము కానవచ్చును. 1911 డిసెంబరులో తొలి బ్లాస్టు ఫర్నేసు రగిలెను. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ వెలువడెను. వర్షము తప్పిన యేట కళింగసీమ రైతుకూలీలు ఓడలెక్కి రంగూనునకు పోవుట అంతకుముందే పరిపాటి. బెంగాల్ నాగపూరు రైలుమార్గము వారికి సముద్రము దాటనక్కరలేని మరియొక పరదేశమును చూపెను.

జంషెడ్జీ టాటా 1902లో తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, కట్టబోవు నగరమునకు విశాలమైన వీథులును, నీడనిచ్చు వృక్షములును, ఆటస్థలములును ఉండవలెనని చెప్పుటయే గాక, హిందువుల ఆలయములకును, మసీదులకును, చర్చీలకును స్థలము విడువవలెనని కూడ ఆదేశించెను. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరము మొదలుకొని ఆ నగరమున నానాజాతులవారు కట్టుకొనిన దేవాలయములను చూచునపుడు ఆ లేఖలోని దూరదృష్టి బోధపడును. కాని కంపెనీ స్థలమిచ్చెను, నీరిచ్చెను, క్వార్టరిచ్చెను, దీపమిచ్చెను. భాష నిచ్చుట దానికి సాధ్యము కాదు. హిందీయు, బంగాళీయు, ఒడియాయు, సంతాలీయు, హో భాషయు నిత్యము చెవినిబడు ఆ వీథులలో తెలుగును నిలిపినవారు వేరు. వారికి జీతము లేదు, బిరుదము లేదు. తెలుగు సమాజమువారు వారిని కార్యదర్శిగారనిరి, పిల్లలు మాస్టారుగారనిరి, అంతే.

ఇట్టి కార్యదర్శి ఒక్కడు కాడు. తరమునకు కొందరు, పేటకు ఒకరిద్దరు. ఉదయము ఆరుగంటల ఎ షిఫ్టుకు పోయి, రెండుగంటలకు మసిబట్టలతో ఇలు చేరి, స్నానమాడి, సాయంకాలము చందా పుస్తకము చంకనిడుకొని కదమా, సోనారీ, గోల్మురీ క్వార్టర్ల తలుపులు తట్టువాడు. శ్రీరామనవమికి హరిదాసును పిలిపింప వలసివచ్చినచో, ఉత్తరము వ్రాయువాడును, రైలుఖర్చు మనియార్డరు చేయువాడును, తెల్లవారుజామున టాటానగరు ప్లాటుఫారముపై నిలిచి పెట్టె మోయువాడును, తన యింటనే దాసుగారికి మడివంట చేయించువాడును అతడే. కథ సాగునంతసేపు సభలో ఆతనికి కూర్చుండ తీరికయుండదు; తలుపుకడ నిలిచి ఒక చెవితో పాటను, మరియొక చెవితో సభికుల సందడిని వినుచుండవలెను. సంగీతము ప్రాణమైనవానికి ఇది యెంత త్యాగమో, కచేరీలు జరిపించినవారికే తెలియును.

చదువు వచ్చిన కార్యదర్శి మరింత అపురూపము. అట్టివాడు ఆదివారమున పిల్లలకు ఓనమాలు దిద్దించును, పెద్దబాలశిక్ష చదివించును, చదువు రాని తల్లికి శ్రీకాకుళములోని తమ్మునికై జాబు వ్రాసిపెట్టును, 'భారతి' మాసపత్రిక వెలువడినన్నాళ్ళు దానిని మదరాసునుండి తెప్పించి, తాను చదివి, పదిమందికి త్రిప్పెడివాడు. పుష్యబహుళ పంచమినాడు త్యాగరాజారాధనమునకు తమిళ సోదరులతో కలసి ఘనరాగ పంచరత్నములు పాడునపుడు ఇట్టివాని విలువ తెలిసివచ్చును. ఆ యైదింట నాటరాగకృతి సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. రాగతాళములందు ఆరితేరిన తమిళ గాయకుడు పదములను కంఠస్థము చేసియు అర్థమునకు తడబడుచుండగా, తెలుగింటి బిడ్డ భాష యెరిగియు స్వరమునకు తడబడుచుండగా, ఇద్దరి నడుమ కూర్చుండి అన్వయము చెప్పువాడు ఈతడే. తంజావూరు మరాఠాల కాలమున కావేరీతీరమున పుట్టిన తెలుగుపాట ఛోటానాగపూరు కొండల నడుమ మరల ఇద్దరి సొత్తైనది ఇట్టివారి వలననే యని నా నమ్మకము.

ఈ సేవాధర్మమునకు వంశవృక్షము కలదు. 1886లో విశాఖపట్టణమున సరస్వతీ నిలయమను గ్రంథాలయమును స్థాపించిన మంతెన ఆదినారాయణగారును, 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులను సమావేశపరచిన అయ్యంకి వేంకటరమణయ్యగారును ఆ వృక్షమునకు శాఖలు. ప్రవాసమున తెలుగును నిలుపుటకు కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయినగరమున ఆంధ్రపత్రికను ఆరంభించుట మరియొక దృష్టాంతము. కాని జంషెడ్‌పూరు కార్యదర్శికి అందరికంటె దగ్గరి చుట్టము గిడుగు రామమూర్తిగారని తలచెదను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, కొండలలోని సవరల భాషను వారి నోటనే నేర్చి, సొంత ద్రవ్యముతో వారి పిల్లలకు బడులు నడిపి, 1931లో సవరభాషా వ్యాకరణమును ప్రకటించిన ఆ మహాశయుడు పరిశ్రమించిన భాష ముండా కుటుంబమునకు చెందినది. జంషెడ్‌పూరు చుట్టును పల్లెలలో వినబడు సంతాలీయు, హో భాషయు, ముండారీయు దానికి జ్ఞాతులే. గిడుగువారి సీమనుండి వచ్చిన తెలుగువాడు తన యింటిముందు పని చేయు హో కూలీ మాటకు చెవి యొగ్గి యుండినచో ఎంత బాగుండెడిదో! ఆ పని జరుగవలసినంత జరుగలేదనియే నా అభిప్రాయము. మన సమాజములు తమ భాషను కాపాడుకొనుటలో చూపిన శ్రద్ధను ఆ నేలకు సొంతమైన భాషలయెడ చూపలేదు.

ఈ సేవలో స్త్రీల పాత్ర చిన్నది కాదు. దక్షిణ భారత మహిళా సమాజము కదమాలో పాఠశాలలను నడిపి, ఏ భాషవారి పిల్లలకైనను చదువు చెప్పుచున్నది. పురుషుల సమాజములు పండుగనుండి పండుగకు బ్రతుకుచుండగా, ప్రతిదినము గంట కొట్టవలసిన సంస్థను నిర్మించినది ఆ స్త్రీలు.

కార్యదర్శుల సేవలో ఒక లోపముండెను. సర్వమును ఒక్కని భుజములపై నిలిచెను, ఆ భుజములు కంపెనీ క్వార్టరులో నుండెను. పదవీవిరమణతో క్వార్టరు విడువవలెను. కొందరు మాంగో, ఆదిత్యపూరులందు ఇండ్లు కట్టుకొనిరి, మరికొందరు మూటాముల్లె కట్టి విజయనగరమో పలాసయో చేరిరి. హార్మోనియము ఎవరికో యిచ్చిపోయిరి. పుస్తకములు చెల్లాచెదరయ్యెను. తరువాతివాడు మరల మొదటినుండి ఆరంభింపవలసి వచ్చెను.

మిగిలినవి సమాజముల మినిట్సు పుస్తకములు, రసీదు పుస్తకములు, నోటీసు కాగితములు. ఏ యేట ఏ విద్వాంసుడు వచ్చెనో, ఎంత చందా కూడెనో, ఎవరు బాకీపడిరో, గ్రంథాలయమునకు ఏ పుస్తకము కొనవలెనని తగవులాడిరో అన్నియు అందుండును. టాటా సంస్థల దస్త్రములకు పూణెలో ప్రత్యేక భాండాగారము కలదు. ఈ సమాజముల పుస్తకములకు చాలవరకు ఇంటి బీరువాలే ఆశ్రయము. వీనిని వ్రాసినవారి మనుమలలో పలువురు హిందీలోనే ఆలోచింతురు, త్యాగరాజకృతిని దేవనాగరిలో వ్రాసికొని పాడుదురు. తాతగారి గొలుసుకట్టు వ్రాతను చదువగలవారు అరుదగుచున్నారు. ఆ లిపిని విప్పి చదువగల వృద్ధులు ఇంకను కొందరు నగరములో నుండగనే, ఒక్కొక్క పేటలో ఇద్దరు యువకులు వారికడ కూర్చుండి, ఆ పుటలను ఛాయాచిత్రములు తీసి, ప్రక్కన అచ్చు తెలుగులో నకలు వ్రాసికొనవలెను. అందులకు గొప్ప ద్రవ్యమక్కరలేదు, ఆదివారములు చాలును.