గుంతమగ్గంలో కోడిపిల్లలు

మా నాయన మగ్గం దిగిన ఏడాదే మా ఇంట్లోకి బాయిలర్ పిల్లలు వచ్చాయి. మా అనంతపురం జిల్లా ఉరవకొండలో బ్రాయిలర్ అని ఎవరూ అనరు, బాయిలరే. 1990ల మొదట్లో సంగతి. బస్సు మీద నుంచి చిల్లులు పొడిచిన అట్టపెట్టె దింపారు. 50 పిల్లలకు డబ్బు కట్టాం, లెక్కపెడితే 51 ఉన్నాయి. వందకు రెండు ఉత్తగా ఇవ్వడం హేచరీల ఆనవాయితీ, దారిలో చచ్చేవాటి కింద. ఒక్కోటి 40 గ్రాములుంటుందేమో. అవ్వ పెట్టెలోకి తొంగిచూసి, "తల్లి యాడుందమ్మీ వీటికి?" అని అడిగింది. అమ్మ వంద వాట్ల బల్బు చూపించింది.

అవ్వకు తెలిసిన కోళ్ల సాకుడులో దుడ్లు పెట్టి కొనేది ఏమీ లేదు. పొదుగుకొచ్చిన పెట్టను గంపలో ఇసుక పోసి కూర్చోబెట్టేది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా గుడ్ల పక్కన బొగ్గుముక్క, ఇనుప చీల పెట్టేది. వారం దాటాక ఒక్కో గుడ్డునూ చీకట్లో దీపానికి అడ్డం పట్టి చూసి, నరాలు కనబడనిదాన్ని తీసేసేది. 21వ రోజుకు పిల్లలు లేచేవి. ఆపైన పని పెట్టది: దిబ్బ గీకి పురుగు చూపించడం, గద్ద నీడ పడితే రెక్కల కిందికి పిలుచుకోవడం. మేము వేసేది పిడికెడు నూకలు, చెరిగినప్పుడు రాలిన జొన్నలు. పెట్ట లేనివాళ్లు పాలుకు తెచ్చుకునేవాళ్లు. పెట్ట ఒకరిది, సాకేది ఇంకొకరు, పిల్లల్లో చెరిసగం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని ఈ మిట్టనేలలో, శనక్కాయ పంట పోయిన ఏడు కూడా గంప కింద ఒక పుంజు ఉండేది. సుంకులమ్మ మొక్కుబడికో, అల్లుడొస్తేనో, సంతకో అది లేచేది. అంతవరకు దానికి ఎనిమిది, పది నెలలు పట్టినా అడిగేవాళ్లు లేరు.

అవ్వకు భయమల్లా కొక్కెర తెగులే. 1920ల చివర హిమాలయాల దాపున రాణిఖేత్ అనే ఊళ్లో గుర్తించారు కాబట్టి డాక్టర్లు దాన్ని రాణిఖేత్ అంటారు. వస్తే వీధికి వీధి ఖాళీ. ఇప్పుడు వారం పిల్లకు కంట్లో ఒక చుక్క టీకా మందు వేస్తారు, తర్వాత మళ్లీ వేయించాలి.

మాంసం కోసమే పిల్లల్ని మందగా పెంచడం కూడా ఒక ఇంటిపెరట్లో మొదలైందే. అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలో సెసిల్ స్టీల్ అనే ఇల్లాలు 1923లో గుడ్ల కోసం 50 పిల్లలు అడిగితే, హేచరీ పొరపాటున 500 పంపింది. ఆమె వాపసు పంపలేదు. పెంచి మాంసానికి అమ్మింది, లాభం కళ్లజూసింది. పాతికేళ్ల తర్వాత అక్కడే 'రేపటి కోడి' పోటీలు పెట్టారు. గెలిచిన కోడిలో కార్నిష్ జాతి రక్తం ఉంది. ఆ కార్నిష్‌ను ఇంగ్లండులో మన అసీలు పుంజులతో కలిపి తయారుచేశారు. అసీలంటే మన పందెం కోడే. మన దగ్గర కాళ్లకు కత్తులు కట్టించుకున్న జాతి అంత దూరం పోయి, రొమ్ము బలిసి, కొట్లాట మరిచి, బస్సెక్కి ఉరవకొండకు వచ్చిందని నేను చాలా ఏళ్ల తర్వాత చదివి నవ్వుకున్నాను. ఈ పిల్లల్ని మన ఊళ్లదాకా తెచ్చిన బండా వాసుదేవరావు కూడా తెలుగువాడే. 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టాడు. ఆ కంపెనీ కోడి 'వెంకాబ్' అంటే ఇప్పుడు చికెన్ సెంటర్ల బోర్డుల మీద అందరికీ తెలిసిన పేరు.

మా మగ్గం గుంతమగ్గం. నాయన కాళ్లు పెట్టుకునే గుంత మోకాళ్లకు పైదాకా లోతు, నాలుగు వైపులా సున్నం గోడ. గాలి తగలదు, పిల్లి దూరదు. ఇంతకన్నా మంచి చోటేముందని అమ్మ శనక్కాయ పొట్టు పరిచి పిల్లల్ని అందులో దించింది. బెల్లం నీళ్లు పెట్టింది. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి, ఆపైన వారానికి ఐదు తగ్గించాలి. థర్మామీటరు అక్కర్లేదు, పిల్లలే చెప్తాయి. బల్బు కింద గుమిగూడితే చలి, గోడలకు అంటుకుని నోళ్లు తెరిస్తే ఉడుకు. మూడో రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే ఒక మూలలో పిల్లల మీద పిల్లలు కుప్ప, కింద పదకొండు ఊపిరాడక చచ్చాయి. అవ్వ ఏమీ తిట్టలేదు. గంప తెచ్చి అమ్మ ముందు బోర్లించి, "దీనికి మూల యాడుంది చూడు" అంది. ఆ పొద్దే చాపను గుండ్రంగా చుట్టి దడి కట్టాం, పక్కన కుంపటి పెట్టుకున్నాం. పిల్లల చుట్టూ దడి గుండ్రంగా ఉండాలని తర్వాత పశువుల డాక్టరు కూడా చెప్పాడు.

ఇక నీళ్లు. బాయిలర్ రెండు కిలోలు తూగేలోపు మూడున్నర కిలోల మేత తింటుంది, దానికి రెండింతలు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. 50 కోళ్లకు 350 లీటర్లంటే ఇరవై మూడు బిందెలు. కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి కూర్చున్న ఆడవాళ్ల మధ్య అమ్మ తలవంచుకుని నిలబడేది, కోళ్లకని చెప్పలేక.

మేతలో కూడా ఒకసారి దెబ్బతిన్నాం. మిల్లులో చవగ్గా దొరికిందని శనగచెక్క తెచ్చి మొక్కజొన్నల్లో కలిపాం. ఆ చెక్క ఆడిన కాయ కళ్లాల్లో వానకు తడిసి బూజుపట్టినది. పిల్లలు ఎదగలేదు, రెక్కలు వాల్చాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చింది బూజుపట్టిన ఇలాంటి శనగచెక్క తినే. ఆ విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. కాయ ఊరేటప్పుడు వాన లేక బెట్టకొచ్చినా ఆ బూజు నేలలోనే పడుతుందట. అనంతపురం రైతుకు కరువు ఇన్ని తోవల్లో వస్తుంది.

నలభై అయిదో రోజున కోత. ముందురోజు రాత్రి మేత ఆపి నీళ్లే పెట్టాం. సాయబు మామ వచ్చి బిస్మిల్లా అని కోసి, నెత్తురు పూర్తిగా కారేదాకా పట్టుకున్నాడు. నాటుకోడికి చేసినట్టు పసుపు రాసి మంటమీద కాలిస్తే తోలు కరిగి కారింది. వేణ్ణీళ్లు కాస్త ఎక్కువ కాగితే ఈకలతో పాటు తోలూ ఊడింది. సంగటిలోకి పులుసు పెడితే అవ్వ రెండు ముక్కలు తిని, "వంకాయ మాదిరి ఉంది" అని గిన్నె పక్కన పెట్టింది. మేము పిల్లలం మాత్రం మళ్లీ మళ్లీ వేయించుకున్నాం. పండగ కాని రోజున కోడికూర తినడం మాకు అదే మొదలు.

ఇప్పుడు ఊరి బయట షెడ్లున్నాయి. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు రైతువి. కిలోకింత అని పెంపకం కూలి. 2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు ఇక్కడ కూడా జనం కోడి ముట్టలేదు. ఇళ్లలో సాకేవాళ్లు ఎక్కువగా గిరిరాజ, వనరాజ రకాల కోళ్లు తెచ్చుకుంటున్నారు. ఒకటి 1989లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చింది, రెండోది హైదరాబాదులో పుట్టింది. రెండూ దిబ్బ గీకుతాయి. వాటికి నా ఓటు.

అయినా బాయిలరే పెంచుతామనేవాళ్లకు ఒక మాట. దీపావళి దాటాక దించుకోండి, శివరాత్రికల్లా ఆఖరి జట్టు కోసేయండి. ఉగాది తర్వాత మాత్రం మన ఊళ్లో పిల్లల పెట్టె దించవద్దు. గోనెలు తడిపి కిటికీలకు కట్టినా, ఒక మే నెల మధ్యాహ్నం మావి తొమ్మిది పోయాయి.