మద్నూరు రేగడి, ధర్పల్లి చల్క

మద్నూరు నుంచి ధర్పల్లి దాకా బస్సులో వస్తే మట్టి మారడం కిటికీలోంచే కనబడుతుంది. అటు మద్నూరు, జుక్కల్ వైపు నల్లరేగడి, పత్తికీ శనగకూ పేరున్న నేల. బాన్సువాడ దాటి తూర్పుకు వచ్చేకొద్దీ ఎర్రటి చల్క, నడుమ నడుమ బండలు. ఆర్మూరు సిద్ధులగుట్ట మీద పేర్చినట్టు నిలబడ్డ రాళ్లు ఈ తూర్పు నేలవే. సైన్సు మాస్టరుగా ఈ చుట్టుపక్కల బడుల్లో పనిచేసిన రోజుల్లో, భూమి పాఠం వచ్చిందంటే ఈ రెండు మట్టులనూ బల్ల మీద పోసేవాణ్ని. పాత నిజామాబాద్ జిల్లాకు పుట్టుకలు రెండు. ఆ సంగతి పుస్తకం కంటే ముందు మట్టి చెప్తుంది.

చల్క గ్రానైటు నలిగి అయిన మట్టి. మన కాళ్ల కింది గ్రానైటుకు సుమారు 250 కోట్ల ఏళ్లు. రేగడి లావా నలిగి అయిన మట్టి. 6.6 కోట్ల ఏళ్ల కింద దక్కను మీద లావా పొర మీద పొరగా పారింది. దాని ప్రవాహాలు రాజమండ్రి దాకా పోయాయి. ఆ లావా ఎక్కడిది? భూమి పైపెంకు కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్న మాంటిల్‌లో ఒక భాగం కరిగి పైకి వచ్చింది. మద్నూరు రైతు పత్తి గింజ పెట్టేది ఒకప్పటి భూగర్భంలోనే.

ఆ లోతుల గురించి మనిషికి తెలిసిన ఒక గట్టి సంగతి కూడా ఈ దక్కను మీదుగా సాగిన కొలతల నుంచే వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో సర్వేయరు విలియం లాంబ్టన్, ఆయన తర్వాత జార్జ్ ఎవరెస్టు కన్యాకుమారి నుంచి హిమాలయాల వైపు భూమిని కొలుచుకుంటూ పోయారు. ధర్పల్లికి వంద కిలోమీటర్ల లోపే, బీదరు వైపు, దామర్‌గిద్ద అనే చోట వాళ్ల ముఖ్యమైన స్టేషను ఉండేది. ఎవరెస్టు 1847లో అచ్చువేసిన లెక్కలు అక్కడి నుంచే ఉత్తరానికి సాగుతాయి. గొలుసులు మోసినవాళ్లు, గుట్టల మీద జెండాలూ దీపాలూ పట్టినవాళ్లు ఈ దేశపు కూలీలు. జ్వరాలతో ఎందరో పోయారు. ఆ పుస్తకాల్లో వాళ్ల పేర్లు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

ఉత్తరాన కల్యాణ్‌పూర్, కలియానా అనే రెండు స్టేషన్ల మధ్య ఒక చిక్కు వచ్చింది. నేల మీద కొలిచిన దూరానికీ నక్షత్రాలను చూసి కట్టిన దూరానికీ 5.236 సెకండ్ల కోణం తేడా. కలకత్తాలో మతాధికారిగా ఉన్న జాన్ ప్రాట్ దీన్ని పట్టుకున్నాడు. హిమాలయాల బరువు నిలువు చూపే తూకపు గుండును తనవైపు లాగడం వల్లే ఈ తేడా అనుకుని లెక్క వేస్తే 15.885 సెకండ్లు రావాలి. వచ్చింది అందులో మూడో వంతే. 1855లో ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ జవాబు చెప్పాడు: పర్వతాలకు కింద తేలికరాతి వేళ్లున్నాయి, అవి బరువైన పదార్థంలో తేలుతున్నాయి. కింది రాయి గట్టిదే అయినా, యుగాల తరబడి బరువు మోపితే జరుగుతుందన్న ఆలోచన అలా మొలిచింది. నక్షత్రాల లెక్కలో మిగిలిన ఆ చిన్న తేడాను తప్పుగా తీసిపారేసి ఉంటే ఈ దారి తెరుచుకునేది కాదు.

జరిగే రాయిని జరిపేదేమిటి? అణుధార్మిక పదార్థాలు పుట్టించే వేడి అని భూవిజ్ఞాని ఆర్థర్ హోమ్స్ అన్నాడు. 1931లో అచ్చయిన ఆయన వ్యాసం మాంటిల్ ప్రసరణ అన్న ఆలోచనకు ఒక పునాది. మాఘ, ఫాల్గుణాల్లో మన చేల దగ్గర పసుపు ఉడకబెట్టే కడాయిని తలుచుకోండి. అడుగున మంట, లోపల నీళ్లు తిరగబడుతుంటాయి, పైన నురగ ఒక అంచుకు చేరుతుంది, మళ్లీ విడిపోతుంది. ఖండాలు ఆ నురగ. కాకపోతే మాంటిల్ నీరు కాదు, ఘనమైన రాయి. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే కదులుతుంది.

ఆ లోపలి వేడి మన నేలలో ఎంత? 1961లో హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, మనం ఎన్‌జీఆర్‌ఐ అనేది, ఏర్పడింది. దాని తొలి పనుల్లో ఒకటి భూమి వేడిని కొలవడం. కోలారు బంగారు గనుల్లో, గోదావరి లోయ బొగ్గు గనుల ప్రాంతంలో, బోరు రంధ్రాల్లో థర్మామీటర్లు దింపారు. తేలిందేమంటే మన గ్రానైటు నేల చల్లనిది: చదరపు మీటరుకు 40 మిల్లీవాట్ల ప్రాంతంలో వేడి బయటికి వస్తుంది, ఖండాల సగటు 65 దాకా ఉంటుంది.

చల్లని, పాత నేల కనుక కదలదు అనుకున్నాం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం అయిన రాత్రి, లాతూరు జిల్లా కిల్లారి కూలిపోయింది. దాదాపు పదివేల మంది పోయారు. ధర్పల్లికి సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఆ తర్వాత కిల్లారిలో 617 మీటర్ల బోరు తవ్వారు. 338 మీటర్ల నల్ల లావారాయి, ఎనిమిది మీటర్ల పాత మట్టిరాయి, దాని కింద గ్రానైటు జాతి పాత రాయి. నల్లరేగడి కింద దాగి ఉన్నది మన చల్క నేల చుట్టమే.

2007లో ఎన్‌జీఆర్‌ఐకి చెందిన ప్రకాశ్ కుమార్, ఎం. రవికుమార్, ఆర్.కె. చడ్డా జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి నేచర్ పత్రికలో ఒక పరిశోధన వెలువరించారు. భూకంప తరంగాలను చదివి, భారత ఫలకం, అంటే ఈ నేలను మోసే గట్టి రాతి పలక, మందం సుమారు వంద కిలోమీటర్లేనని, ఒకప్పుడు దీనితో కలిసి ఉన్న ఇతర ఖండాలకు 180 నుంచి 300 దాకా ఉందని చెప్పారు. ఇవన్నీ కలిసి ఉన్న గోండ్వానా చీలినప్పుడు కింది నుంచి వచ్చిన వేడి మన ఫలకం అడుగును కరిగించిందనీ, పలచబడ్డందుకే భారతం ఏడాదికి 18 నుంచి 20 సెంటీమీటర్ల వేగంతో ఉత్తరానికి ఉరికిందనీ వాళ్ల వాదన. అయితే అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర 110 కోట్ల ఏళ్ల కిందటి కింబర్లైటు అనే అగ్నిశిల పైకి తెచ్చిన వజ్రాలు, ఆనాడు ఈ నేలకు 150 కిలోమీటర్లకు మించిన చల్లని వేరు ఉండేదంటున్నాయి. ఆ వేరు ఎంత కరిగింది, ఎంత మిగిలింది అన్నది ఇంకా తెగని తగువు. పైన చూస్తే వేడి తక్కువ, అడుగు చూస్తే పలచన: ఈ రెంటికీ పొత్తు కుదర్చాలి.

చిన్న కొలతే పెద్ద సంగతి చెప్తుందని ఈ కథంతా చూపింది. అందుకే నా మాట ఒకటుంది. ధర్పల్లి మండలంలో నీళ్ల కోసం ఎన్నో బోర్లు దిగుతున్నాయి. ఒక్కొక్కటీ భూమిలోకి వేసిన కొలబద్దే. మట్టి ఎంత లోతు, బండ ఎక్కడ తగిలింది, పొడి ఏ రంగు, నీళ్లు ఎన్ని ఫీట్లకు పడ్డాయి — ఈ నాలుగు ముక్కలు రాసుకునేవాళ్లు లేరు. ఊరూరా ఒక రిజిస్టరు పెట్టాలి, బడిపిల్లలు రాయాలి, ఏడాదికోసారి భూగర్భ జలశాఖకు నకలు పంపాలి. ఖర్చు ఒక నోటుబుక్కు. నీళ్లు ఎక్కడ అడుగంటుతున్నాయో మనకూ తెలుస్తుంది, రేపు ఈ నేలను చదివేవాళ్లకు పనికొచ్చే లెక్కా మిగులుతుంది.