వైస్‌లో బిగిస్తే తేలేదెంత?

1963లో విడుదలైన ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ ప్రచార ఫొటోల్లో షాన్ కానరీ చెంప పక్కన నిలువుగా పట్టుకున్న పిస్టల్‌ను చూసి, జేమ్స్ బాండ్ వాడే వాల్తర్ పీపీకే అదేనని లోకమంతా నమ్మింది. నిజానికి అది పీపీకే కాదు, ఆ మాటకొస్తే మందుగుండు తుపాకీయే కాదు. ఫొటోలు తీసేరోజు అసలు పిస్టల్ తేవడం మరిచిపోతే, ఫొటోగ్రాఫర్ డేవిడ్ హర్న్ తాను సరదాగా గురి సాధన చేసుకునే ఎయిర్ పిస్టల్‌ను తెచ్చి హీరో చేతిలో పెట్టాడు. ఆ వాల్తర్ ఎల్‌పీ 53 పిస్టల్ 2010లో క్రిస్టీస్ వేలంలో రెండున్నర లక్షల పౌండ్లకు పైగా పలికింది. పోస్టర్ మీద ఎంత భయంకరంగా కనిపించినా అది చేయగలిగింది పది మీటర్ల అవతల అట్టకు చిల్లు పెట్టడమే. ఆ చిల్లు సరిగ్గా ఎక్కడ పడాలన్న దాని మీద మాత్రం జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలోని కార్ఖానాలు దశాబ్దాలపాటు తలలు బద్దలు కొట్టుకున్నాయి. గురి కుదరాలంటే గొట్టం బాగుండాలి, పెల్లెట్ (చిన్న గుండు) బాగుండాలి అని ఎవరైనా అంటారు. ఎయిర్ పిస్టల్ చరిత్ర చూస్తే మాత్రం గొట్టం సంగతి తొందరగానే తేలిపోయింది. అసలు పోరాటమంతా వేలు ట్రిగ్గర్ నొక్కాక పెల్లెట్ గొట్టం దాటేలోపు పిస్టల్ చేసే అల్లరితోనే. ఆ అల్లరిలో పెద్ద భాగం, పిస్టల్‌ను వైస్‌లో, అంటే బెంచీ మీది ఇనుప పట్టులో, బిగించి చేసే పరీక్షకు అంతుపట్టేది కాదు.

ఎల్‌పీ 53 లాంటి పాతవాటిలో శక్తి అంతా స్ప్రింగ్‌దే. ట్రిగ్గర్ నొక్కగానే బిగిసి ఉన్న స్ప్రింగ్ పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ను నెడుతుంది. పిస్టన్ ఒకవైపు దూకితే పిస్టల్ రెండోవైపు కదులుతుంది. పిస్టన్ ఆగేచోట మళ్లీ ఎదురు కుదుపు. ఈ కదలిక పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే మొదలవుతుంది. అందువల్ల పట్టు కాస్త బిగిసినా, కాస్త వదులైనా పెల్లెట్ పడే చోటు మారిపోతుంది. ఇలాంటి పిస్టల్‌ను ఇనుప వైస్‌లో కదలకుండా బిగించి కాలిస్తే వచ్చే ఫలితం వైస్‌కే చెల్లుతుంది. చేతిలో అది కదులుతుంది, వైస్‌లో కదలదు. అంటే పరీక్షించింది ఒక పిస్టల్‌ని, పోటీలో కాల్చేది వేరే పిస్టల్‌ని అన్నమాట.

ఈ చిక్కును జర్మన్లు రెండు దారుల్లో విప్పారు. రాస్టాట్‌లోని డయానా కంపెనీ, కుర్ట్ గిస్ ఆలోచనతో, ఎదురెదురుగా దూకే రెండు పిస్టన్లు పెట్టింది. ఒకటి గాలిని నొక్కుతుంది, రెండోది దాని కుదుపును రద్దు చేయడానికే ఉంటుంది. ఓబెర్న్‌డోర్ఫ్‌లోని ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీ 1965లో తెచ్చిన మోడల్ 65లో పిడికి, మీది భాగానికి ముడి తెంచారు. ట్రిగ్గర్ పడగానే గొట్టం, సిలిండర్ కలిసి పట్టాల మీద వెనక్కి జారతాయి, పిడి పట్టుకున్న చేయి ఉన్నచోటే ఉంటుంది. కావాలంటే ఆ జారుడును తాళం వేసి ఆపేయవచ్చు కూడా. అలా ఆపితే అదే పిస్టల్, అదే గొట్టం, అదే పెల్లెట్, కాని మళ్లీ తన్నే పిస్టల్. తేడా గొట్టంలో లేదు, తన్నడంలో ఉంది అనడానికి ఇంతకన్నా సూటైన రుజువు దొరకదు.

తర్వాతి అడుగు దూకే పిస్టన్‌నే వదిలించుకోవడం. 1960ల చివర్లో వాల్తర్ ఎల్‌పీ 2తో ఒకే లాగుడులో గాలిని కుదించి పెట్టుకునే పద్ధతి వచ్చింది. కాల్చేటప్పుడు కదిలేది చిన్న వాల్వ్ ఒక్కటే. అయితే ప్రతి షాట్‌కీ లివర్‌ను బలంగా లాగాలి. అరవై షాట్ల పోటీలో చివరికొచ్చేసరికి ఆ శ్రమ కూడా చేతి వణుకుగా తేలుతుంది. అది తప్పించడానికి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు వచ్చాయి. వాటితో ఇంకో తంటా. 20 డిగ్రీల వద్ద ఆ సిలిండర్లో పీడనం సుమారు 57 బార్ అయితే, 30 డిగ్రీలకల్లా 70 దాటుతుంది. 31 డిగ్రీలు దాటితే ఆ వాయువు ద్రవంగా నిలవనే నిలవదు. యూరప్ హాళ్లలో ఇదొక చికాకు మాత్రమే. మే నెలలో హైదరాబాద్‌లో, విజయవాడలో ఏసీ లేని హాల్లో ఆ సిలిండర్‌ను నమ్ముకుని కాల్చడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. చివరికి నిలిచింది 200 బార్ల దాకా గాలి నింపిన సిలిండరు, దాని వెంట పీడనాన్ని ఒక్క తీరుగా ఉంచే రెగ్యులేటరు. ఆస్ట్రియా కంపెనీ స్టైయర్ అంతటితో ఆగకుండా, మిగిలిన పిసరంత కుదుపును మింగడానికి పిస్టల్ లోపలే ఎదురు కదిలే చిన్న బరువును అమర్చింది. ఇన్ని మార్పుల్లో ఏదీ గొట్టాన్ని మరింత నిఖార్సుగా చేయడానికి వచ్చింది కాదు.

మరి వైస్ ఏం చెబుతుంది? పెల్లెట్ డబ్బా మీద తల కొలత రాసి ఉంటుంది: 4.48, 4.49, 4.50 మిల్లీమీటర్లు, ఇలా నూరో వంతుల్లో తేడాలు. పిస్టల్ పిడి తీసేసి, లోహపు భాగాన్ని బెంచీకి బిగించి, ఒక్కో డబ్బాలోంచి ఐదో పదో కాలుస్తారు. పోటీ పెల్లెట్ ముక్కు మొండిగా ఉంటుంది కాబట్టి అట్ట మీద అంచు చిరగకుండా గుండ్రటి చిల్లు పడుతుంది, కాలిపర్స్ పెట్టి కొలవడం సులువు. మంచి పోటీ పిస్టల్, దానికి నప్పిన పెల్లెట్ దొరికితే ఐదు షాట్లూ దాదాపు ఒకే చిల్లులోంచి వెళ్లినట్టు ఉంటాయి. ఇప్పుడు టార్గెట్ చూడండి. ఎయిర్ పిస్టల్ పది గీత వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు గీతను తాకినా పదే. అంటే పెల్లెట్ మధ్యబిందువు కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్ల దాకా తప్పినా పది వస్తుంది. వైస్‌లో ఉన్న పిస్టల్‌కు ఇది మైదానమంత చోటు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఫైనల్లో లెక్క పదులతో కాదు, పదో వంతులతో. పారిస్ ఒలింపిక్స్‌లో 2024 జూలై 28న మన షూటర్ మను భాకర్ 22 షాట్లకు 221.7 తెచ్చుకుని కంచుతో ఆగింది. ఆ దశలో కొరియా షూటర్ కిమ్ యెజి ఆమెకన్నా ముందున్నది 0.1 పాయింటే. టార్గెట్ మీద 0.1 అంటే 0.8 మిల్లీమీటర్. పతకం రంగే అంత సన్నని తేడాతో మారుతుంటే గొట్టం సంగతి తేలిపోయిందనడం ఎలా చెల్లుతుంది?

లెక్క వేసి చూద్దాం. 221.7ను 22తో భాగిస్తే షాట్‌కు 10.08. అంటే పెల్లెట్ సగటున కేంద్రం నుంచి 7 మిల్లీమీటర్ల దూరంలో పడింది. వైస్‌లో పిస్టల్ వంతు చెదురు (చిల్లులు చెదిరే దూరం) సగటున 1 మిల్లీమీటర్ అనుకుందాం. చేతి తప్పు, పిస్టల్ తప్పు దేనికది విడిగా వచ్చేవి కాబట్టి నేరుగా కూడవు. వాటి వర్గాలు కూడతాయి. పిస్టల్ తప్పును పూర్తిగా తుడిచేస్తే 7 కాస్తా 6.93 అవుతుంది. 22 షాట్ల మీద లాభం 0.2 పాయింట్. అభ్యంతరంలో పస ఉందనే ఒప్పుకోవాలి, 0.2 అన్నది 0.1 కన్నా ఎక్కువే కదా! అయితే అంత గురి ఉన్న షూటర్‌కు ఒక్కో షాట్ అటూ ఇటూ పడటంలోని సహజమైన తేడా వల్లనే 22 షాట్ల మొత్తం రెండు పాయింట్లు పైకో కిందికో ఊగుతుంది. ఆ ఊగులాటలో 0.2 పదో వంతు. పైగా ఎదుటివాళ్ల చేతుల్లో ఉన్నవీ అలాంటి పిస్టళ్లే.

అదే లెక్కను రెండోవైపు తిప్పితే వైస్ విలువ బయటపడుతుంది. పిస్టల్‌కు నప్పని పెల్లెట్ వాడి, దాని వంతు చెదురు సగటున 3 మిల్లీమీటర్లకు చేరిందనుకుందాం. అప్పుడు 22 షాట్ల మీద నష్టం ఒకటిన్నర పాయింట్లు. పతకం పోవడానికి అది చాలు. ఇది చేత్తో కాల్చి కనిపెట్టగలమా? షాట్‌కు 0.07 పాయింట్ నష్టాన్ని చేతి చెదురులోంచి వేరుచేయాలంటే ఒక్కో రకం పెల్లెట్‌తో వందలకొద్దీ షాట్లు కావాలి, ఆ వందల షాట్లలో చేయి అలసిపోయి పరీక్షే చెడుతుంది. వైస్‌లో అయితే ఇరవై ముప్పై షాట్లలో తేలిపోతుంది. కాబట్టి వైస్ పని చెడ్డదాన్ని పట్టుకోవడం. మంచివాటిలో అతిమంచిదాన్ని ఎంచడం దానివల్ల కాదు, అవసరమూ లేదు.

షూటర్లు చాలామంది దీన్ని ఒప్పుకోరు. ఈ డబ్బా 5 మిల్లీమీటర్ల గ్రూపు (చిల్లుల గుంపు) ఇచ్చింది, ఆ డబ్బా 6 ఇచ్చింది, ఇదే మేలు అంటారు. ఐదు షాట్ల గ్రూపు మీద అంత భరోసా కుదరదు. ఒకే పిస్టల్, ఒకే డబ్బా, ఒకే రోజు కాల్చిన ఐదేసి షాట్ల గ్రూపులు వాటి సగటుకు అటూ ఇటూ పావు వంతు మారడం మామూలే. అంటే సగటు ఐదున్నర అయితే ఒకసారి నాలుగు, ఇంకోసారి ఏడు దాకా రావచ్చు. లక్కీ డ్రాలో తగిలిందాన్ని డబ్బా గొప్పతనం అనుకోవడమే ఇది. ఐదైదు చొప్పున కాకుండా ఒక డబ్బాకు ముప్పై షాట్లు కాల్చి, అంచుల్లోని రెండు చిల్లుల మధ్య దూరం కాక ప్రతి చిల్లూ మధ్యనుంచి ఎంత దూరమో కొలిస్తేనే పోలిక నిలుస్తుంది. అలా కొలిచేవాళ్లు అరుదు, డబ్బాల మీద గొడవపడేవాళ్లు ఎక్కువ.

నా వాదనకు బలమైన సాక్ష్యం రికార్డు పుస్తకంలో ఉంది, దాని పక్కనే ఇబ్బందీ ఉంది. పురుషుల 60 షాట్ల పోటీలో సోవియట్ షూటర్ సెర్గేయ్ పిజ్యానోవ్ 1989లో మ్యూనిక్‌లో 593 కొట్టాడు. దాన్ని దాటడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2009లో చాంగ్‌వన్‌లో కొరియా షూటర్ జిన్ జోంగ్ ఓ 594 కొట్టాడు. ఈ ఇరవై ఏళ్లలోనే కుదించిన గాలి సిలిండర్లు, కుదుపు మింగే బరువులు, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్లు అన్నీ వచ్చాయి. లాభం ఒక్క పాయింటు! గొట్టం చాలినంత బాగుందనడానికి ఇది పనికొస్తుంది, సరే. మరి కుదుపును అణచడమే అసలు పని అంటున్నప్పుడు, ఆ అణచివేత ఫలం ఎక్కడ? ఒకటి, పెద్ద కుదుపు పోయింది 1989కి చాలా ముందే, మిగిలింది పిసరే. రెండు, రికార్డు అనేది ఒక్క మనిషి జీవితంలో ఒక్క మంచి రోజు. అది ఎత్తైన కొండ శిఖరాన్ని చెబుతుందే గాని మైదానం ఎంత లేచిందో చెప్పదు. అయినా ఈ ప్రశ్న పూర్తిగా చల్లారిందని నేననను. పిస్టల్ మెరుగైతే పాయింట్లు వాటంతటవే పెరుగుతాయని నమ్మే కొనుగోలుదారుకు ఆ ఒక్క పాయింటు గుర్తుంటే మంచిదే.

మిగతా తప్పంతా చేతిది. వెనక సైటుకీ ముందు సైటుకీ మధ్య దూరం 33 సెంటీమీటర్లు అనుకుంటే, ముందు సైటు పావు మిల్లీమీటర్ పక్కకు జరిగితే టార్గెట్ మీద ఏడున్నర మిల్లీమీటర్లు పోతుంది. అంటే పది అంచుకు చేరినట్టే. ట్రిగ్గర్ నొక్కే వేలు పిస్టల్‌ను అంతమాత్రం తిప్పకుండా ఉండటమే షూటర్ జీవితకాలపు సాధన. నిబంధన ప్రకారం ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. పోటీకి ముందు గొట్టాన్ని నిలువుగా పెట్టి, ట్రిగ్గర్‌కు ఆ బరువు తగిలించి మెల్లగా పైకెత్తుతారు, ట్రిగ్గర్ పడకుండా బరువు లేవాలి. ఆ 500 గ్రాములు ఎలా వస్తాయన్నదే తేడా. ముందు తేలిగ్గా కదిలే భాగమెంత, ఆగి పడే భాగమెంత, పడ్డాక వేలు ఇంకెంత ముందుకు పోతుంది, ఇవన్నీ స్క్రూలతో మార్చుకునేవే. చెక్క పిడిని అరచేతికి సరిపోయేలా ఆకురాయితో అరగదీసేదీ, చెక్కపొడి ముద్దతో నింపేదీ ఇందుకే. ఇక్కడ పనికొచ్చే పరీక్ష వైస్ కాదు. రష్యాలో పుట్టిన స్కాట్ లాంటి పరికరం గొట్టానికి తగిలిస్తే, ట్రిగ్గర్ పడేముందు క్షణాల్లో గురి ఎలా తిరిగిందో తెర మీద గీతగా వస్తుంది. పెల్లెట్ కాల్చకుండానే చూడవచ్చు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల ఎయిర్ పిస్టల్‌లో వెండి తెచ్చిన మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ స్థాయికి ఎదగాలనుకునే పిల్లలకు, ఇంకో ఖరీదైన పిస్టల్ కన్నా ఆ గీత ఎక్కువ నేర్పుతుంది.

టోక్యో ఒలింపిక్స్‌లో 2021 జూలై 25న జరిగింది ఈ సందర్భంలోనే చెప్పుకోవాలి. అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌లో లోపం, లివర్ విరగడం, రిపేరుకు దాదాపు ఇరవై నిమిషాలు. 60 షాట్లకు ఉన్నది గంటా పదిహేను నిమిషాలే. మిగిలిన సమయంలో పరుగు మీద కాల్చి 575 తెచ్చుకుంది, పన్నెండో స్థానం. ఫైనల్‌కు రెండు పాయింట్లు తక్కువ పడ్డాయి. ఆ పిస్టల్‌ను ముందురోజు వైస్‌లో బిగించి కాల్చి ఉంటే చిల్లులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి.